ఆమె ఆపనన్న వాక్యం

మూడో వాక్యం దగ్గర మా హెచ్.ఓ.డి. గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏటమ్మా ఇది? ఈ వాక్యం ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది? మన పిల్లలు రాసే రాతేనా? ఇది ఫోన్ రాసింది. ఫోన్ రాసిందానికి నన్ను సంతకం పెట్టమంటారా?"

నేను రాజాంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఆ వ్యాసం మా ఫైనలియర్ అమ్మాయిది. విశాఖపట్నంలో ఒక సంస్థ డిగ్రీ అయిన ఆడపిల్లల్ని ఏడాదిపాటు హాస్టల్లో ఉంచి, పల్లె బడుల్లో పాఠాలు చెప్పడం నేర్పి, ఆ తర్వాత ఉద్యోగం కూడా చూపిస్తుంది. దానికి 'నా చదువు' అని ఇంగ్లీషులో రెండు పేజీలు రాసి పంపాలి. అది విద్యార్థి సొంత రాతేనని కాలేజీ నుంచి హెచ్.ఓ.డి. సంతకం ఉండాలి. సంతకం లేనిదాన్ని వాళ్లు చదవరు. గడువు వచ్చే వారంతో అయిపోతుంది. సంతకం రాకపోతే ఆ అమ్మాయి పరీక్షలు కాగానే వాళ్లమ్మతోపాటు గోగునార మిల్లుకి వెళ్తుంది. అక్కడ ఆమె కోసం పని చూసిపెట్టారు కూడా.

ఆయన్ని తప్పు పట్టలేను. పోయినేడు మా కాలేజీ నుంచి వెళ్లిన వ్యాసాల్లో రెండు, అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉన్నాయట. ఆ సంస్థవాళ్లు ఆయనకే ఫోన్ చేసి మర్యాదగా అడిగారు. ఆ మర్యాదకే ఆయన ఎక్కువ సిగ్గుపడ్డారు. అప్పటినుంచి పిల్లల రాతలో కాస్త నున్నటి వాక్యం కనిపిస్తే చాలు, ఆయన కళ్లద్దాలు బల్ల మీదకి వస్తాయి.

"నేను ఆ అమ్మాయి రాత మొదటి ఏడు నుంచీ చూస్తున్నాను సార్," అన్నాను.

"చూస్తున్నారు కదా, మీరే చెప్పండి. మొదటి ఏడు ఎలా రాసేది?"

ఎలా రాసేదో నాకు బాగా గుర్తుంది. శుక్రవారం చివరి గంటలో పిల్లల చేత ఆ వారంలో జరిగిన ఏదో ఒక సంగతి రాయిస్తాను. మార్కులు ఉండవు. ఎర్ర సిరా వాడను. మొదట్లో ఈ అమ్మాయి వాక్యాలన్నీ ఒకే కొలతకి కోసిన ముక్కల్లా ఉండేవి. 'మై విలేజ్ ఈజ్ స్మాల్. ఇట్ ఈజ్ గ్రీన్. ఐ లైక్ మై విలేజ్.' ఒక్క తప్పు ఉండేది కాదు. చిన్నప్పుడు బడిలో గైడు చూసి బట్టీపట్టిన వాక్యాలు అవి. ఊరి పేరు మార్చితే క్లాసులో అందరి ఊళ్లూ చిన్నవే, అందరి ఊళ్లూ పచ్చనివే.

తర్వాత 'అండ్' వచ్చింది. బస్సు వచ్చింది, అండ్, నేనెక్కాను, అండ్, సీటు లేదు, అండ్, ఒక ముసలమ్మ కోడిని నా ఒళ్లో పెట్టింది. గూడ్సు బండికి పెట్టెలు తగిలించినట్టు ఒకదాని వెనక ఒకటి. తెలుగులో వచ్చి, ఎక్కి, నిలబడి అని ఎంత దూరమైనా పోతాం కదా, ఆ పోకడే ఇంగ్లీషులోకి నడిచి వచ్చింది. నాకు ఆ కోడి నచ్చింది. గైడులో కోడి ఉండదు.

ఆ తర్వాత 'బికాజ్' వచ్చింది. కొన్నాళ్లు ప్రపంచంలో కారణం లేని పని ఒక్కటీ జరగలేదు. రెండో ఏడు చివరికి వచ్చేసరికి వాక్యంలో వాక్యం పెట్టడానికి ప్రయత్నించడం మొదలుపెట్టింది. ఎవరైతే, ఏదైతే, అయినప్పటికీ లాంటివి. అక్కడినుంచి తప్పులు కుప్పలుగా వచ్చాయి. మొదటి ఏడు తప్పులేకుండా రాసిన పిల్లే, రెండో ఏడు ఒక్క వాక్యాన్నీ క్షేమంగా ఒడ్డుకి చేర్చలేకపోయేది. ఇది అందరిలోనూ చూశాను. మా అత్తగారిది వరి పండించే ఇల్లు. ఆకుమడిలో పచ్చగా ఉన్న నారు, పీకి నాటగానే కొన్నాళ్లు పాలిపోయి ఎర్రబడుతుందని ఆవిడ చెబుతుంది. నాటినవాళ్లు అది చూసి బెంగపడరు. నేను మాత్రం ప్రతి బ్యాచ్‌కీ బెంగపడతాను. నాది అలాంటి మనసు.

కాని ఈ అమ్మాయి రాత కోలుకోవడం నేను చూడలేదు. ఫైనలియర్ మొదట్లో మా పాపకి జ్వరం తరవాత జ్వరం. సెలవుల మీద సెలవులు పెట్టాను. తిరిగి వచ్చేసరికి ఆమె వాక్యాలు మారిపోయి ఉన్నాయి. పొడవుగా, నెమ్మదిగా, మధ్యలో రెండు మూడు మలుపులు తిరిగి, చివరికి చేరాల్సిన చోటికి చేరేవి. మలుపుల దగ్గర చిన్నచిన్న తప్పులు ఉండేవి, కాని వాక్యం కూలిపోయేది కాదు. సంతోషించాను గాని ఎలా వచ్చిందని అడగలేదు. ఆ మాటే ఆయనకి చెప్పాను.

"నా ఎదురుగా కూర్చుని ఒక పేజీ రాయమనండి, సంతకం పెడతాను," అన్నారు ఆయన. న్యాయంగానే ఉందనిపించింది.

మర్నాడు స్టాఫ్‌రూములో ఆయన బల్లకి ఎదురుగా ఆమెని కూర్చోబెట్టారు. ఫోన్ బయట పెట్టించారు. 'వర్షం వచ్చిన రోజు' అని విషయం ఇచ్చారు. ఫ్యాను తిరుగుతోంది. పక్కన కామర్స్ సార్ టిఫిన్ డబ్బా విప్పి, మళ్లీ మూసేశారు. ఆమె పెన్ను పట్టుకుని చాలాసేపు కాగితం వైపే చూసింది. ఆ తర్వాత గబగబా రాసి ఇచ్చేసింది.

'ఇట్ వాజ్ రెయినింగ్. ఐ వాజ్ ఎట్ హోమ్. ది రోడ్ వాజ్ వెట్. మై మదర్ కేమ్.'

ఆయన కాగితం నావైపు తిప్పారు. ఆ అమ్మాయి లేచి, "ఎల్లొస్తాను మేడమ్," అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా అత్తగారు పాపకి అన్నం తినిపిస్తోంది. పాపకి రెండు నిండి నెలలు గడిచాయి. రెండు మాటలు కలిపి మాట్లాడదు. అమ్మ, బువ్వ, కాకి, అన్నీ విడివిడిగానే. మా ఎదురింటి పిల్ల దీనికంటే చిన్నది, 'అమ్మా ఆకలేస్తంది' అని గట్టిగా అరుస్తుంది. ఆ అరుపు విన్నప్పుడల్లా మా పాప నోటి వైపు చూస్తాను.

"ఏటే అలగున్నావు? కాలేజీలోన ఏటైనా అన్నారేటి?" అంది మా అత్తగారు.

సంగతి చెప్పాను. ఆవిడ ముద్ద కలుపుతూ విన్నది.

"పరీచ్చకి రాయనేదని ఆ గుంటకేటీ రాదంటారా? మరి మన గుంటనట్టుకుని ఇజీనారం డాక్టరు కాడికి ఎల్లినాం కదే. ఆయన బొమ్మలు సూపించి ఇదేటి, అదేటి అని అడిగితే నోరు ఇప్పినాదా? బిగించుకుని కూకుంది. ఆటో ఎక్కగానే కోటకాడి నుంచి బస్టాండు దాకా ఏటి కనిపిస్తే దాని పేరు సెప్పింది."

ఆవిడ అన్నది నిజమే. ఆరోజు విజయనగరంలో డాక్టరు గదిలో అరటిపండు బొమ్మ చూసి కిక్కురుమనని మా పాప, ఆటోలో అరటిపళ్ల బండిని చూసి డ్రైవరు వెనక్కి తిరిగేంత గట్టిగా 'అట్టి' అని అరిచింది. భయపడ్డప్పుడు ఎవరైనా తమకి బాగా అలవాటైన పొట్టి మాటల వెనకే దాక్కుంటారు. నేను కూడా ఇంటర్వ్యూల్లో అంతే. ఇంత చదివి, 'ఎస్ సార్, నో సార్' అని వచ్చేసిన రోజులు ఉన్నాయి. కాని ఆయనకి ఈ మాట చెబితే సరిపోదు. ఆ పొడవాటి వాక్యాలు ఎక్కడినుంచి వచ్చాయో తెలియాలి.

మర్నాడు ఆ అమ్మాయిని మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"వొద్దులెండి మేడమ్. పోతే పోనాది. మిల్లు ఉన్నాది కదా," అంది.

"మిల్లు సంగతి తర్వాత. ఈ ఏడాది నువ్వు ఇంగ్లీషు ఎక్కడ వింటున్నావు? ఎవరు నేర్పుతున్నారు?"

దుపట్టా కొన వేలికి చుట్టుకుంది. "నవ్వకండి మేడమ్. సర్చిలోన తర్జుమా సేస్తన్నాను."

వాళ్లది బాప్టిస్టు సంఘం. నెలకి ఒకటి రెండు ఆదివారాలు ఒడిశా వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి ప్రసంగిస్తారు. ఆయనకి తెలుగు రాదు, వీళ్లకి ఒరియా రాదు. అందుకని ఇంగ్లీషులో చెబుతారు. పక్కన ఒకరు నిలబడి ముక్క ముక్కకీ తెలుగులో చెప్పాలి. ఇదివరకు ఆ పని చేసిన మాస్టారు బదిలీ మీద వెళ్లిపోతే, డిగ్రీ చదువుతోంది కదా అని పాస్టరమ్మగారు ఈమెని నిలబెట్టారు.

"మొదటి రోజు పరువు పోనాది మేడమ్," అని అప్పుడు నవ్వింది. "ఆయన ఇంగ్లీషులోన, దేవుణ్ణి మర్సిపోయినోలు సుఖంగా బతికినా అని ఆగినారు. నాను 'అయినా' అనేదాన్ని వొగ్గేసి, దేవుణ్ణి మర్సిపోయినోలు సుఖంగా బతుకుతారు అని గట్టిగా సెప్పేసినాను. ముందు వరసలోని మామ్మలు అందరూ 'ఆమెన్' అనేసినారు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె కూడా నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుంది.

"పాస్టరమ్మగారు ఏమన్నారు?"

"ఏటంటారు? 'ఒసే, నీ నోటితోటి సంఘాన్ని నరకానికి పంపిస్తావేటే' అన్నారు. మా అమ్మ వారం రోజులు అందరికీ సెప్పుకుని నవ్వినాది. అప్పుటికాడినుంచి ఆయన ఆగినా నాను నోరు ఇప్పను మేడమ్. ఆయన సెప్పవలిసింది మొత్తం అయిపోనాదా, ఇంకా ఉన్నాదా అని ఆయన మొగం సూస్తాను. అయిందాకా మనసులోనే పట్టుకుంటాను. ఇప్పుడు రాసేటప్పుడు కూడా అలగే వస్తన్నాది."

"ఇదంతా సార్‌కి ఎందుకు చెప్పలేదు?"

"సర్చిలోన ఎవలో రాసిచ్చినారు అనుకుంటారని. క్లాసులో వోలకి తెలిస్తే పాస్టరమ్మా అని పిలుస్తారు."

ఆ ఆదివారం పెద్దాయన వస్తున్నారని తెలిసి నేను వెళ్లాను. పాపని ఎత్తుకున్నాను. మేం గుడికి వెళ్లే మనుషులం, చర్చికి ఎప్పుడూ వెళ్లలేదు. మా అత్తగారు మాత్రం, "ఎల్లు, గుంటనట్టుకుని ఎల్లు. పాటలు ఇంటాది," అని పంపింది. రేకుల కప్పు, నీలం గోడలు, చాపల మీద ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. వెనక తలుపు దగ్గర కూర్చున్నాను.

పెద్దాయన గొంతు మెత్తగా ఉంది, వాక్యాలు మాత్రం చాలా పొడవు. ఒక మాట మొదలుపెట్టి, మధ్యలో తన చిన్నతనంలోకి వెళ్లి, అక్కడినుంచి ఏదో వాగు దాటి, మళ్లీ మొదటి మాటకి వచ్చేవారు. వాగు దగ్గర ఊపిరి కోసం ఆగేవారు. ఆయన ఆగిన ప్రతిచోటా జనం ఆమె వైపు తిరిగేవారు. ఆమె కదిలేది కాదు. చేతులు కట్టుకుని, తల కొంచెం వంచి, ఆయన పెదాల వైపు చూస్తూ నిలబడేది. ఆయన చివరి మాట అన్నాక ఒక్క క్షణం ఆగి, మొత్తాన్ని తెలుగులోకి తిప్పి చెప్పేది. ఎక్కడా వెతుక్కోలేదు. స్టాఫ్‌రూములో 'ది రోడ్ వాజ్ వెట్' అని రాసిన పిల్లేనా ఈమె అని చూస్తూ కూర్చున్నాను. పాప నా ఒళ్లో నిద్రపోయింది.

సోమవారం హెచ్.ఓ.డి. గారికి చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు, కొట్టిపారేయనూ లేదు. మామ్మల ఆమెన్ సంగతికి మాత్రం మీసం కొంచెం కదిలింది.

"నోటితో తర్జుమా చేయడం వేరు, రాయడం వేరు కదమ్మా. మీ మాట నమ్ముతాను. కాని సంతకం నాది."

"మళ్లీ పరీక్ష పెట్టకండి సార్. ఆ వ్యాసం గురించి తననే అడగండి. రాసినవాళ్లకి తెలుస్తుంది కదా."

ఆమెని పిలిపించారు. ఈసారి బల్లకి ఎదురుగా కాదు, పక్కన కుర్చీ వేయించారు. వ్యాసం ముందు పెట్టుకుని పెన్ను మూత తీశారు.

"నువ్వే రాశావంటున్నారు మీ మేడమ్. సరే. ఈ మూడో వాక్యం మరీ పొడవుగా ఉంది. చదివేవాళ్లకి ఊపిరాడదు. ఇక్కడ చుక్క పెట్టి ఆపేద్దాం. మిగతాది ఇంకో వాక్యం చేద్దువుగాని. ఏమంటావు?"

ఆ వాక్యాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: వానలు లేని ఏడు నన్ను బడి మానిపించి తనతోపాటు గోగు కట్టలు నానబెట్టే నీళ్లలోకి దింపిన మా అమ్మే, మళ్లీ వానలు పడగానే, బడిలో నా పేరు కొట్టేశారని చెప్పిన మాస్టారి గుమ్మంలో ఆ పేరు తిరిగి రాసేదాకా రోజూ వెళ్లి కూర్చుంది.

ఆయన పెన్ను 'దింపిన' దగ్గర ఆగి ఉంది.

ఆమె కాగితం వైపు చూసింది. భయపడుతుందనుకున్నాను. "వొద్దు సార్," అంది.

"ఎందుకు వద్దు?"

"అక్కడ సుక్క పెడితే మా అమ్మ బడి మానిపించినాదని అయిపోతాది సార్. సదివినోలు అక్కడే ఆగి మా అమ్మని తిట్టుకుంటారు. తరవాత వాక్యంలోన ఏటి రాసినా ఆ తిట్టు తిట్టినట్టే ఉంటాది. మానిపించినదీ గుమ్మంలోన కూకున్నదీ ఒక్క మనిసే కదా సార్. ఒక్క ఊపులోనే సెప్పాలి."

ఆయన పెన్ను కదపలేదు. "మరి ఆ కిందిది? అదీ పొడవే."

"అది ఇరగ్గొట్టీయండి సార్. అది ఊరికే పెద్దగా రాసినాను."

ఆయన గట్టిగా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఏది పొడవుగా ఉండాలో, ఏది ఊరికే పొడవైందో తెలిసిన మనిషి అది రాయలేదని ఎవరంటారు? కింది వాక్యాన్ని ఆమే అక్కడికక్కడ రెండు చేసింది. ఒకచోట పదం తప్పు రాస్తే ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు. కళ్లద్దాలు పెట్టుకుని, చివరి పేజీ తిప్పి, సంతకం పెట్టి, స్టాంపు వేశారు.

"ఆరిందాకా మడత పెట్టకమ్మా," అన్నారు.

ఆ మధ్యాహ్నమే పోస్టులో పంపింది. తర్వాత రోజులన్నీ నాకు పాప మాటల బెంగ ఒకటి, ఈ బెంగ ఒకటి. ఆమె మాత్రం శుక్రవారాల్లో ఎప్పటిలాగే రాసింది. ఒకరోజు నాలుగే నాలుగు పొట్టి వాక్యాలు రాసి ఇచ్చింది. వాళ్ల మేక చనిపోయిన సంగతి. దానికి అంతకంటే పొడవు అక్కర్లేదు.

పోయిన వారం విశాఖపట్నం నుంచి ఫోన్ వచ్చింది. ఆమెని తీసుకున్నారు. పరీక్షలు కాగానే వచ్చి చేరమన్నారు.

ఈ రోజు వాళ్లమ్మ కాలేజీకి వచ్చింది. మిల్లు నుంచి నేరుగా వచ్చినట్టుంది, జుట్టులో నార పీచు ఉంది. హాస్టల్లో అన్నం బాగా పెడతారా, తలుపులకి గొళ్లాలు ఉంటాయా అని అడిగింది. అవి నేను కూడా అడిగే ప్రశ్నలే, అందుకని నాకు తెలిసినంత ఓపిగ్గా చెప్పాను. వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది.

"మా గుంట ఏటి రాసిందమ్మా అందులోన? అడిగితే సెప్పదు, నవ్వుతాది."

చెప్పాలా వద్దా అని ఒక్క నిమిషం ఆలోచించాను. తర్వాత ఆ మూడో వాక్యాన్ని మొదటినుంచి చివరిదాకా ఆపకుండా తెలుగులో చెప్పాను. ఆమె కళ్లు నా మొహం మీదనుంచి కదపలేదు. చెప్పడం అయ్యాక కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఆ మేస్టరు కుర్సీ కూడా ఎయ్యనేదమ్మా. అది రాయనేదేటి?" అంది. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "ఇలాటియి రాస్తేనే తీసుకున్నారా?"

"అవునమ్మా."

"అలగైతే సెప్పండమ్మా దానికి. ఇంకా సానా ఉన్నాయి మా ఇంట్లోన రాయడానికి," అని చెప్పులు వేసుకుని, బస్సు అందుకోవడానికి గబగబా వెళ్లిపోయింది.